రైతు దున్నని మూల

ఐర్లండ్‌లో పైకప్పు కూలిన పాత చర్చి కనిపిస్తే ఫొటోలు తీసేవాళ్లకు కొదవ ఉండదు. ఆ గోడ ఏ శతాబ్దానిదో, కిటికీ కమాను ఏ తీరుదో చెప్పే బోర్డు కూడా చాలాచోట్ల ఉంటుంది. పక్క పొలంలో రైతు ఒక మూలను ఎందుకు దున్నడో మాత్రం అందులో ఉండదు. ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. విన్నవాళ్లు పుక్కిటి పురాణమని నవ్వేస్తారు. నా కడుపుమంటంతా ఆ నవ్వు మీదే.

ఆ మూలను ఐరిష్‌లో కిల్లీన్ అంటారు. బాప్తిస్మం అందకుండానే కన్నుమూసిన పసికందులను పూడ్చిన చోటది. అలాంటి బిడ్డలకు స్వర్గమూ కాక, నరకమూ కాక లింబో అనే చోటే గతి అని కాథలిక్కులు వందల ఏళ్లు నమ్మారు. పవిత్రం చేసిన శ్మశానంలో వాళ్లకు జానెడు జాగా ఇవ్వలేదు. అందుకని పాడుబడ్డ చర్చి పక్కనో, గుండ్రటి పాత మట్టికోటలోనో, పొలిమేరలోనో, సముద్రపు ఒడ్డునో పూడ్చేవారు. చాలాసార్లు చీకటి పడ్డాక తండ్రే మోసుకెళ్లేవాడు. పాదిరీ రాడు, పేరు చెక్కరు. ఒక మొరటు రాయి, కొన్నిచోట్ల గుప్పెడు తెల్ల పలుగురాళ్లు, అంతే. ఇదేదో మరీ పాతకాలపు సంగతి కాదు, ఇరవయ్యో శతాబ్దం నడిమి దాకా సాగింది.

రిజిస్టరుకెక్కని ఆ పిల్లలను ఎవరు గుర్తుంచుకున్నారు? మనం నవ్వుతున్న ఆ మాటలే. అక్కడ నాగలి పెడితే అరిష్టమన్నారు. అక్కడి ముళ్లచెట్టు కొమ్మ విరవొద్దన్నారు. అలాంటి బిడ్డను పూడ్చిన మట్టి తొక్కితే తెల్లవార్లూ సొంత పొలంలోనే దారి తెలియక తిరుగుతారట. కోటు తిరగేసి తొడుక్కుంటే తప్ప ఇంటిదారి దొరకదట! నవ్వొస్తే నవ్వండి. ఆ భయమే కంచె కాకపోతే ఎన్ని బుల్లి సమాధులు బంగాళాదుంపల చాళ్లలో కలిసిపోయేవో.

ఇలాంటి ఊరి మాటే ఇంకొకటి, ఫెర్మానా కౌంటీలోని బోహో సంగతి చూడండి. 1815లో పోయిన జేమ్స్ మెక్‌గిర్ అనే పాదిరీ సమాధి మట్టి జబ్బులు నయం చేస్తుందని అక్కడివాళ్ల నమ్మకం. కాస్త మట్టి గుడ్డలో కట్టి తలగడ కింద పెట్టుకోవాలి, తర్వాత తెచ్చి అక్కడే వేయాలి. 2018లో శాస్త్రవేత్తలు ఆ మట్టిలో స్ట్రెప్టోమైసిస్ రకం బాక్టీరియా ఒకటి కనిపెట్టారు. మందులకు లొంగని కొన్ని మొండి క్రిములను అది ప్రయోగశాలలో అడ్డుకుంది. మహిమ రుజువైపోయిందని నేననను, గాజుపలకలో జరిగేది వేరు, ఒంట్లో జరిగేది వేరు. కానీ ఆ శాస్త్రవేత్తలను ఆ మట్టి దాకా నడిపించింది ఊరి మాట. ల్యాబు ముద్ర పడితేనే దానికి విలువా? ఏ బాక్టీరియా దొరకని మాటల గతేమిటి మరి?

1937-39లో 26 కౌంటీల్లో దాదాపు 50,000 మంది బడిపిల్లలు తాతల, అమ్మమ్మల దగ్గర విన్నవి నోటుపుస్తకాల్లో రాశారు. పాత శ్మశానాల కబుర్లూ అందులో ఉన్నాయి. ఆ పని చేయించిన ఐరిష్ జానపద కమిషన్ సేకరణకు 2017లో యునెస్కో గుర్తింపూ వచ్చింది. కాగితానికి సన్మానం జరిగింది, సంతోషం. చెప్పిన నోటికి మాత్రం ఇప్పటికీ వెక్కిరింతే.

ఆ బోర్డు మీద కమాను వివరాల కింద ఇంకో రెండు వరుసలకు చోటుంది. రైతు ఆ మూల ఎందుకు దున్నడో, ఊరివాళ్లు చెప్పినట్టే రాయండి.