పొగకు ధర, మట్టికి దయ

సూరత్‌లో పొగకు ధర ఉంది. 2019 సెప్టెంబరులో గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి అక్కడ ఓ వింత సంత తెరిచింది. బొగ్గు మండించే 317 కర్మాగారాలను ఎంచుకుని, దాదాపు సగాన్ని అందులోకి దింపింది. అవన్నీ కలిసి ఎంత ధూళి వదలొచ్చో ముందే తేల్చింది. పొగగొట్టాలకు మీటర్లు బిగించింది. ధూళి వదిలేందుకు ఉన్న పర్మిట్లు చాలని మిల్లు పక్క మిల్లు దగ్గర కొనుక్కోవాలి, లేదంటే ముందుగా కట్టిన ధరావతులో కోత పడుతుంది. సంతకు రాని మిల్లులతో పోలిస్తే వీటి ధూళి 20 నుంచి 30 శాతం తగ్గింది. ఆ నగరంలో మరమగ్గాలు నమ్ముకుని బతుకుతున్న తెలంగాణ పద్మశాలీలు పీల్చేదీ ఆ గాలినే.

నగరం దాటి పొలంలో అడుగు పెడితే లెక్క మారిపోతుంది. 2022 జులై 10న సూరత్ ప్రకృతి వ్యవసాయ సదస్సులో ప్రధాని మాట్లాడారు. పంచాయతీకి 75 మంది రైతులన్న లక్ష్యంతో జిల్లాలో 40 వేల మందికి పైగా చేరారని మెచ్చుకున్నారు. సంతోషమే. మరి ఆ రైతుకు దక్కేదేమిటి? దేశీ ఆవు ఉంటే మేతకని రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే నెలకు 900 రూపాయలు. ప్రైవేటు పెట్టుబడి సంగతి అడిగితే, 2024 జనవరిలో కేంద్ర వ్యవసాయ శాఖ విడుదల చేసిన కార్బన్ మార్కెట్ విధివిధానాలను చూపిస్తారు. ఆ మార్కెట్ పేరులోనే ఉంది కిటుకు: 'స్వచ్ఛంద' మార్కెట్. మిల్లు యజమానికి నిర్బంధం, మట్టిని బాగుచేసే రైతుకు మాత్రం కొనేవాడి దయ!

ఈ దయ ఎంత దూరం వస్తుందో ఆంధ్రప్రదేశ్‌కు తెలుసు. 2018 జూన్‌లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం, బీఎన్‌పీ పారిబా బ్యాంకు పక్కన నిలబడగా రాష్ట్రం ప్రకృతి వ్యవసాయానికి ప్రకటించిన అంకెలు చిన్నవి కావు. 2024 నాటికి 60 లక్షల మంది రైతులు, 80 లక్షల హెక్టార్లు, 230 కోట్ల డాలర్లు. గడువు సంవత్సరం వచ్చేసరికి చేరినది పది లక్షల పైచిలుకు రైతులు, ఐదు లక్షల హెక్టార్లు. అదీ తక్కువేం కాదు. స్వయం సహాయక సంఘాల మహిళలు జీవామృతం కలిపి, నవధాన్యాలు చల్లి, ఇరుగుపొరుగుకు నేర్పి సాధించినది. కానీ ఖర్చు ఎవరు భరించారు? ప్రభుత్వ పథకాల సొమ్ము, అజీం ప్రేమ్‌జీ దాతృత్వ నిధి, జర్మనీ ప్రభుత్వ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ ఇచ్చిన 9 కోట్ల యూరోల అప్పు. ప్రైవేటు పెట్టుబడి అని డప్పు కొట్టి, చివరికి తెచ్చింది జనం తీర్చాల్సిన బాకీ.

ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. మట్టిలో సేంద్రియ పదార్థం పెరిగితే చెరువుకూ మేలే, వాగు దిగువ ఊరికీ మేలే. ఆ మేలు అందరిదీ, బిల్లు వేసేందుకు ఎవరిదీ కాదు. బ్యాంకు బిల్లు లేనిచోట అప్పివ్వదు. కార్బన్ క్రెడిట్ అంటారా? రైతు ముందు కష్టపడాలి, కొలతలు ఆ తర్వాత, డబ్బు చిట్టచివర. రెండెకరాల వాడిని మరో వెయ్యిమందితో కలిపి కట్టే మధ్యవర్తి వాటా పోగా మిగిలినదే అతనిది. కొలతలకూ భరోసా లేదు. 2024లో కార్బన్ క్రెడిట్లను ధ్రువీకరించే వెర్రా సంస్థ చైనా వరి పొలాల ప్రాజెక్టులు 37 ఒక్కసారే తిరస్కరించింది. మార్పు కాలంలో దిగుబడి తగ్గితే ఆ నష్టానికి వాటాదారు ఉండడు.

సర్కారు చేయి కూడా రసాయనాల వైపే వాలుతోంది. 2024-25 బడ్జెట్‌లో ఎరువుల రాయితీకి 1.64 లక్షల కోట్లు పెట్టారు. కోటి మంది రైతుల ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు మాత్రం మొత్తంగా 2,481 కోట్లు విదిల్చారు. తలకు రెండున్నర వేలు కూడా పడదు.

పొలం బాగుకు ప్రైవేటు డబ్బు నిజంగా కావాలంటే 'స్వచ్ఛంద' అన్న మాట కొట్టేయండి. రసాయనాలు, బొగ్గు అమ్మి లాభపడే ప్రతి కంపెనీ ఏటా ఎంత కట్టాలో చట్టంలో రాయండి. సూరత్ మిల్లుల దగ్గర తీసుకున్నట్టే ధరావతు ముందుగా తీసుకోండి, అందులోంచి రైతుకు మొదటి ఏడాదే చెల్లించండి.