బుల్లెట్టు చైనుకు కాస్త వదులే ప్రాణం

"ఎడమవైపు గలగలమంటోందా? ప్రైమరీ చైను లూజైంది, టైటు చేయించు." బుల్లెట్టు నడిపేవాళ్లలో ఇది వేదవాక్కయి కూర్చుంది. చైను పాతకాలపు సరుకు, బెల్టు కిట్టు వేస్తే ఇక చూసుకోనక్కర్లేదన్న మాట కూడా ఈ మధ్య దానికి తోడైంది. రెండూ నాకు మింగుడుపడవు.

నేననేది ఇనప సిలిండరున్న పాత 350 గురించి. ఇంజను బలాన్ని క్లచ్చికి చేర్చే రెండు వరసల చైను ఎడమ కేసులో, నూనెలో మునిగి తిరుగుతుంటుంది. వెనక చక్రం చైనులా కంటికి ఆనదు కాబట్టి దాన్ని అడిగే నాథుడు లేడు. చప్పుడు చేసిందా, పానా పట్టుకుని పీక నొక్కుతారు.

నా బండికీ అదే జరిగింది. మెకానిక్కు కేసు విప్పి, చైను కింది భాగాన్ని పైకి నెట్టే టెన్షనరు బోల్టు తిప్పి, చైనును వేలితో మీటి, "వీణ తీగలా ఉంది సార్" అన్నాడు. నాకూ ముచ్చటేసింది. చప్పుడు పోయింది. ఇరవై కిలోమీటర్లు పోయి ఇంజను బాగా కాగాక సన్నగా కూత మొదలైంది. నెల తిరక్కముందే నూనె దించి చూస్తే పళ్లెం అడుగున వెండిపొడి మెరుస్తోంది. వేళ్ల మధ్య రుద్దితే గరగరలాడింది.

తప్పంతా వేడిని మరిచిపోవడంలో ఉంది. కేసు అల్యూమినియం, చైను ఉక్కు. వేడికి అల్యూమినియం ఉక్కుకన్నా సుమారు రెట్టింపు వ్యాకోచిస్తుంది. రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం 200 మిల్లీమీటర్లనుకోండి. 80 డిగ్రీలు వేడెక్కితే కేసు సాగేదానికీ చైను సాగేదానికీ తేడా 0.18 మిల్లీమీటరు దాకా వస్తుంది. ఇంతేనా అనకండి. దండెం కొసన అంగుళం లాగితే నడుమ ఎంత పైకి లేస్తుందో బట్టలారేసేవాళ్లకు తెలుసు. ఆ వెంట్రుకవాసి తేడాకే చైను నడుమ కొన్ని మిల్లీమీటర్ల కదలిక మాయమవుతుంది. చల్లగా ఉన్నప్పుడే వీణ తీగైతే, కాగాక ఆ గుంజుడంతా క్రాంకు బేరింగు మీదా గేరుబాక్సు షాఫ్టు మీదా పడుతుంది.

అందుకే 6 మిల్లీమీటర్ల ఆట ఉండాలంటారు. అదీ చైను అన్నిటికన్నా బిగువుగా ఉన్నచోట. చైను ఒకేలా అరగదు, కాబట్టి కిక్కు రాడ్డుతో ఇంజను మెల్లగా తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడాలి. ఒక్కచోట చూసి బిగించేవాడు కొలవలేదు, ఊహించాడు. అన్నట్టు, "చైను సాగింది" అంటాం గానీ ఉక్కు సాగలేదు. పిన్నులూ బుష్షులూ అరిగాయి. బాగా అరిగినదాన్ని ఏ టెన్షనరూ బాగుచేయలేదు, మార్చాల్సిందే.

మరీ వదులైతే కేసును గీకదా? గీకుతుంది, కాదనను. కానీ ప్రతి చప్పుడూ చైనుది కాదు. క్లచ్చి లివరు నొక్కగానే చప్పుడు మారిందంటే ముందు క్లచ్చిని అనుమానించండి.

ఇక బెల్టు. నార్టన్ కమాండో మోటారుసైకిల్లో గేరుబాక్సును ముందుకూ వెనక్కూ జరపొచ్చు, బెల్టును సరిచేసుకోవచ్చు. మద్రాసులో తయారైన మన పాత బుల్లెట్టులో గేరుబాక్సును ఇంజనుకే బిగించేశారు. జరిగే దారి లేదు. పైగా బెల్టుకు పొడి కేసు కావాలి, క్లచ్చి కూడా పొడిగానే పనిచేయాలి, క్రాంకు సీలు దగ్గర చుక్క నూనె కారకూడదు. పాత బుల్లెట్టును నూనె కారొద్దని బతిమాలి చూడండి! ఇంతా చేస్తే, కేసు వేడికి బెల్టూ బిగుస్తుంది. దానికీ చల్లగా ఉన్నప్పుడు కాస్త వదులు ఇవ్వాల్సిందే.

నేను కొత్త చైను వేయించి, నూనె మార్పించి, 6 మిల్లీమీటర్లు పక్కనే నిలబడి కొలిపించాను. పొద్దున్నే కిక్కు కొట్టగానే ఇప్పటికీ గలగలమంటుంది. ఊరు దాటేసరికి సద్దుమణుగుతుంది.