నలుపుకి జరిమానా

"గుంట బాగుంది గానీ ఛాయ తక్కువ."

ఈ మాట అననివాళ్లు ఎంతమంది ఉన్నారు మనలో? ఇచ్ఛాపురం నుంచి విజయనగరం దాకా ఏ పెళ్లిళ్ల పేరయ్యనైనా నిలబెట్టి అడగండి. పొలం ఎంత, చదువేటి, ఆ వెంటనే రంగేటి! నలుపైతే ఇంకో అరెకరా, ఇంకో బండి. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. దాన్ని తుంగలో తొక్కింది చాలక, చర్మానికి వేరే జరిమానా వేస్తున్నారు.

"మాకు నచ్చే రంగు మేం కోరుకుంటే తప్పా?" అని నన్ను దబాయిస్తారు. సరే, జవాబు చెప్పండి. ఆ ఛాయ మీకు నిజంగా నచ్చనిదే అయితే, అరెకరా పొలం చేరగానే ఎలా నచ్చింది?

ఆదివారం వస్తే అరసవల్లి క్యూలో మీరే ముందుంటారు. రథసప్తమికైతే అర్ధరాత్రి నుంచే పడిగాపులు. గర్భగుడిలో ఉన్నది లోకానికంతటికీ వెలుగిచ్చే సూర్యనారాయణస్వామి. ఏ రంగులో ఉన్నాడు? నిగనిగలాడే నల్లరాతిలో! మార్చిలో, అక్టోబరులో పొద్దుటి కిరణాలు ఆ నల్లటి పాదాలను తాకితే చాలు, జన్మ తరించిందని లెంపలు వేసుకుంటారు. అక్కణ్ణుంచి పెళ్లిచూపులకి వెళ్లి, టీ తెచ్చిన పిల్లని చూసి మొహం చిట్లిస్తారు. కృష్ణుడంటేనే నల్లనివాడు. ద్రౌపదికీ కృష్ణ అనే పేరుంది. మన క్యాలెండర్లలో మాత్రం ఆయనకి నీలం పూశారు. దేవుడు నల్లగా ఉన్నా ఓర్చుకోలేని జాతి, ఆడపిల్లని ఓర్చుకుంటుందా?

ఒకసారి పలాస వెళ్లండి. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు చూడండి. పిక్క తొక్కలోని నూనె అంటితే చర్మం కాలుతుంది, వేళ్లు నల్లబడతాయి. అక్కడే పప్పుని రంగు చూసి వేరుచేస్తారు. తెల్లగా, విరగకుండా ఉన్నదానికి మంచి ధర, మాడినదానికి తక్కువ ధర. పప్పుకి కట్టిన లెక్కే పిల్లకీ కట్టాం. కళింగపట్నం, భావనపాడు తీరాన వలలు లాగేవాళ్లు, పొట్ట చేతబట్టుకుని గుజరాత్‌లోని వేరావల్ దాకా పోయి బోట్లెక్కే కుర్రాళ్లు, నడుములు వంచి ఊడ్పులు ఊడ్చే ఆడకూతుళ్లు... ఎండంతా ఒంటిమీద మోసింది వాళ్లు. నీడపట్టున కూర్చుని తిన్నది మీరూ నేనూ. నలుపు నీచమంటే కష్టం నీచమన్నట్టే. "ఆ రంగేటి, మనవాళ్లలా లేదే" అనే మాట మన అరుగులమీద విననివాడెవడు? కులం పేరెత్తకుండా కులాన్ని ఎత్తిపొడవడానికి ఇంతకన్నా పిరికి దారి లేదు.

మన భాషా నలుపుని చులకన చేసేవాళ్లకే వంత పాడుతుంది. దొంగ సొమ్ము నల్లధనం. దొంగ అమ్మకం నల్లబజారు. కుట్ర పన్నితే చీకటి ఒప్పందం. బాబూ, 2010 జూలై 14న సోంపేటలో థర్మల్ ప్లాంటు వద్దన్న రైతులమీద, మత్స్యకారులమీద తుపాకులు పేలింది చీకట్లోనా? పట్టపగలు! పంటకీ చేపకీ ఆధారమైన బీల భూములు చేయిజారింది ఏ అమావాస్య రాత్రీ కాదు, ఆఫీసుల్లో, తెల్లకాగితాలమీద. ఎనిమిది నెలలైనా తిరక్కుండా, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు, మళ్లీ శవాలు. ఇస్త్రీ చొక్కాలు వెలుగులో చేసిన పాపానికి చీకటి పేరు పెట్టి, ఆ మసి తెచ్చి పేదింటి పిల్ల మొహాన పూస్తున్నాం.

విజయనగరంలో ఇంకో గొప్ప ఉంది. కన్యాశుల్కం మా ఊరి నాటకమంటాం. నిజమే, 1892లో మొదట ఆడింది ఇక్కడే. పిల్లని అమ్ముకునేవాళ్లని గురజాడ బజారుకీడ్చాడు. నూట ముప్పై ఏళ్లు దాటాయి. ఆయన విగ్రహానికి దండ వేసిన చేత్తోనే కొడుక్కి వెల కడుతున్నాం, కోడలి రంగుకి తరుగు తీస్తున్నాం. ఆ దండ వేసే అర్హత మనకి లేదు.

1975లో బజారుకొచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ సైతం లోకం తిట్టిన తిట్లకి 2020లో పేరు మార్చుకుంది. లోపలి సరుకు సంగతి దేవుడెరుగు, పేరు చెప్పుకోవడానికైనా సిగ్గుపడింది. మీకు ఆ మాత్రం సిగ్గూ కలగలేదు.

ఆడపిల్లల్ని కన్న తల్లిదండ్రులారా, మీ పిల్ల ఛాయ గురించి ఎవడైనా నోరెత్తితే టీ గ్లాసులు వెనక్కి తీసుకుని గుమ్మం చూపించండి. సంబంధం పోతుందని వణకకండి. అలాంటి ఇంటికి వెళ్లకపోవడమే పిల్లకి మేలు. పెళ్లికొడుకులారా, అమ్మ అడిగింది, మావయ్య మాట్లాడాడు అని తల దించుకుని కూర్చోకండి. బేరం మీ పేరుమీదే జరుగుతోంది. ఆపాల్సింది మీరే.