చిన్న సీసాకి ఇంత చిన్నచూపా?

వేలు పోసి వైబ్రేటర్ కొంటారు. ఎన్ని స్పీడులున్నాయో, చార్జింగ్ ఎంతసేపు ఆగుతుందో, చప్పుడు పక్కగదిలోకి వినపడుతుందో లేదో, అన్నీ ఆరా తీస్తారు. దానికి తోడుగా వాడాల్సిన లూబ్రికెంట్ జెల్ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ముడుచుకుంటుంది. "అదెందుకు దండగ, ఇంట్లో కొబ్బరినూనె ఉందిగా" అంటారు. లేదా ఉమ్ముతో సరిపెడతారు. ఇంకొందరు బాత్రూంలో కనపడ్డ షాంపూయో, చలికాలం పెదాలకి రాసుకునే వాజలీనో తెచ్చి పూసేస్తారు. ఆ తర్వాత రెండు మూడు రోజులు మూత్రానికి వెళ్తే మంట. నింద బొమ్మ మీదకి పోతుంది. కాకపోతే "నా ఒంటికి ఇలాంటివి పడవు" అని తన మీదకే తెచ్చుకుంటుంది ఆవిడ. లేని జెల్ సంగతి ఎవరికీ తట్టదు.

నా గోడు అదే. ఈ వ్యవహారం మొత్తంలో ఒంటిని కాపాడేది ఆ చిన్న సీసా. పేరు బొమ్మకి, పని దీనికి. మెడికల్ షాపుల్లో కండోమ్ పెట్టెలు ఇప్పుడు కౌంటరు మీదే దర్జాగా కూర్చుంటున్నాయి. లూబ్రికెంట్ మాత్రం ఇంకా వెనక అరలోనే, అదీ స్టాకు ఉంటే. అడిగినవాళ్లని షాపులో కుర్రాడు ఒకసారి పైనుంచి కిందికి చూసి, నల్ల కవర్లో చుట్టి ఇస్తాడు.

కందెన విలువ తెలియని జాతి కాదు మనది. కరణాన్ని మంచి చేసుకోవాలని చెప్పడానికి సుమతీ శతకకారుడు బండి ఇరుసుకి పెట్టే కందెననే పోలికగా తెచ్చుకున్నాడు. ఊరి కరణానికి దక్కిన ఆ మర్యాద మన ఒంటికి దక్కలేదు.

ఈ చిన్నచూపు వెనక ఒక అపోహ ఉంది. తడి లేదంటే మనసు లేదని లెక్క. భార్య జెల్ తెమ్మంటే మొగుడికి అది తన మగతనం మీద ఫిర్యాదులా వినపడుతుంది. ఆవిడకేమో తనలో ఏదో లోపముందన్న దిగులు. ఇద్దరిదీ పొరపాటే. కోరిక ఒకటి, ఒంట్లో ఊరే తడి ఒకటి. రెండూ ప్రతిసారీ కలిసి రావాలని లేదు. బిడ్డకి పాలిచ్చే నెలల్లో ఈస్ట్రోజెన్ తగ్గి యోని పొడిబారుతుంది. జలుబుకీ అలర్జీకీ వేసుకునే కొన్ని మాత్రలు ముక్కుతో పాటు అక్కడి తడినీ ఆరబెట్టగలవు. డిప్రెషన్‌కి వాడే కొన్ని మందులూ, రొమ్ము క్యాన్సర్ తర్వాత ఏళ్ల తరబడి వాడే కొన్ని మాత్రలూ అంతే. ఇక ముట్లుడిగిన తర్వాత సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ వయసు ఆడవాళ్లలో దాదాపు సగం మందికి ఈ పొడిదనం, మంట ఏదో ఒక స్థాయిలో ఉంటాయి. వీళ్లలో ఎవరికి మనసు లేదని తీర్పు చెబుతాం?

ఈ కష్టం తెలుగువాళ్లకి మరీ దగ్గరిది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు చిల్లర. ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిదికి దగ్గర, తెలంగాణలో ఏడు దాటి. దేశంలో ముందు వరస మనదే. పిల్లలు పుట్టేశారు కదా, ఇంకా ఆ సంచెందుకు అని తీయించేసుకోవడం మన పల్లెల్లో మామూలు మాట అయిపోయింది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే యాభై దరిదాపుల్లో రావాల్సిన మార్పు ముప్పై అయిదుకే, అదీ రాత్రికి రాత్రి వచ్చిపడుతుంది. ఆ వయసులో మొగుడున్నాడు, కాపురముంది, కోరికా ఉంది. ఒంట్లో తడి లేదు. ఇన్ని ఇళ్లలో ఈ అవసరం ఉంటే, ఈ సీసా పేరు తెలిసిన ఇళ్లెన్ని?

విచిత్రమేమిటంటే, ఈ జెల్ విలువ గుర్తించి చేతికందించినవాళ్లు మన దగ్గర లేకపోలేదు. హెచ్ఐవీ నివారణలో భాగంగా జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ మగవారితో సంబంధాలున్న మగవాళ్లకీ, హిజ్రాలకీ కండోమ్‌తో పాటు లూబ్రికెంట్ కూడా ఇవ్వాలని కార్యక్రమం పెట్టుకుంది. మలద్వారంలో సహజంగా తడి ఊరదు, పొడి రాపిడికి కండోమ్ చిరుగుతుంది, చర్మం చీరుకుపోతుంది, వైరస్‌కి దారి దొరుకుతుంది అన్న లెక్క అక్కడ స్పష్టంగా ఉంది. ఆ కార్యక్రమం కోసం వీధుల్లో తిరిగే పీర్ ఎడ్యుకేటర్‌కి తెలిసిన ఈ సంగతి డిగ్రీలు చదివిన మన డ్రాయింగు రూముల్లోకి రాలేదు. సెక్స్ సందేహాలకి ఏళ్లపాటు తెలుగు వారపత్రికలో డాక్టర్ సమరం గారు ఇచ్చిన సమాధానాలు ఎగబడి చదివిన ఇళ్లే ఇవి.

పైగా దీని పుట్టుకేమీ చీకటి సందుల్లో జరగలేదు. అమెరికాలో కె-వై జెల్లీ 1904లో వచ్చినప్పుడు అది వైద్యుల సరుకు. పరీక్షకీ శస్త్రచికిత్సకీ పనికొచ్చే జారుడు పదార్థం. మామూలు జనం చీటీ లేకుండా కొనుక్కునే వీలు అక్కడ కూడా 1980లో గానీ రాలేదు. మన ఆసుపత్రుల్లోనూ క్యాథెటర్ వేసే ప్రతి ట్రేలో జెల్లీ ట్యూబు ఉంటుంది. అక్కడ దాన్ని చూసి ఎవరూ ముసిముసి నవ్వులు నవ్వరు. (ఆ ట్యూబు ఇంటికి తెచ్చుకోకండి. అందులో తరచూ లిగ్నోకెయిన్ ఉంటుంది, చర్మాన్ని మొద్దుబారుస్తుంది.)

ఇప్పుడు బొమ్మల సంగతి. మనిషితో కన్నా బొమ్మతోనే జెల్ అవసరం ఎక్కువ. మనిషి చర్మానికి కాస్త చెమ్మ ఉంటుంది, అవతలివాళ్ల ముఖం చూసి ఆగే తెలివీ ఉంటుంది. సిలికాన్‌కి చెమ్మ లేదు. పొడిగా ఉంటే చర్మాన్ని పట్టుకుని లాగుతుంది. మోటారుకి అలుపు లేదు. పైగా ఆ అదురుకి కాసేపటికి చర్మం కొంచెం తిమ్మిరెక్కి, నొప్పి తెలియడం తగ్గుతుంది. కంటికి కనపడనంత సన్నటి చీలికలు పడేది అప్పుడే. మర్నాడు మంట, ఆ వెనక ఇన్ఫెక్షన్. డబ్బా మీద బొమ్మ గురించి పేజీలకొద్దీ రాస్తారు. జెల్ గురించి ఒక్క ముక్క ఉంటే గొప్ప, అదీ చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో.

ఏది కొనాలి అంటే, బొమ్మ సిలికాన్‌దైతే నీటి ఆధారిత జెల్. అన్నింటితోనూ పొసగేది అదే. కండోమ్‌ని పాడుచేయదు, నీళ్లతో కడిగితే పోతుంది, దుప్పటి మీద మరక ఉండదు. దాని మీద ఉన్న ఫిర్యాదల్లా త్వరగా ఆరిపోతుందని. ఆరినట్టు అనిపిస్తే మళ్లీ మళ్లీ జెల్ పొయ్యక్కర్లేదు. వేళ్లు తడిచేసుకుని రెండు చుక్కలు నీళ్లు తగిలిస్తే మళ్లీ జారుతుంది. ఇంత చిన్న చిట్కా తెలియక "ఇది పనికిమాలింది" అని సీసా పారేసినవాళ్లున్నారు.

సిలికాన్ జెల్ చాలాసేపు నిలుస్తుంది, నీళ్లలో కూడా పోదు. కానీ సిలికాన్ బొమ్మ మీద పోస్తే పైపొర ఉబ్బి, జిగటెక్కి, పనికిరాకుండా పోవచ్చు. బొమ్మ ఏ రకం సిలికానో తెలియకపోతే అడుగుభాగాన ఒక చుక్క వేసి, కాసేపాగి వేలితో రుద్ది చూడాలి. జిగట తగిలితే ఆ రెండింటికీ పడదు. గాజు, స్టీలు బొమ్మలకి ఆ బెడద లేదు, ఏదైనా వాడుకోవచ్చు. సిలికాన్ జెల్ బాత్రూం టైల్స్ మీద ఒలికితే మాత్రం వెంటనే సబ్బుతో కడగండి. జారిపడి తుంటి విరిగితే డాక్టరుకి కారణం చెప్పుకోవడం ఇంకా కష్టం.

ఇక మన ప్రాణానికి ప్రాణమైన కొబ్బరినూనె. తలకి మంచిదే, కూరకీ మంచిదే. కానీ ఏ నూనె అయినా లాటెక్స్ కండోమ్‌కి శత్రువు. మినరల్ ఆయిల్ తగిలిన ఒక్క నిమిషంలో కండోమ్ బలం దాదాపు తొంభై శాతం పడిపోయిందని 1989లోనే పరీక్షించి చూపించారు. పిల్లలకి రాసే చాలా బేబీ ఆయిల్స్‌లో ఉండేది మినరల్ ఆయిలే. బొమ్మకి శుభ్రత కోసం కండోమ్ తొడిగేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. వాజలీన్ లోపల వాడే ఆడవాళ్లలో బాక్టీరియా ఇన్ఫెక్షన్ ఎక్కువగా కనపడిందని కూడా అధ్యయనముంది. ఉమ్ము నిమిషంలో ఆరిపోతుంది, నోట్లో సూక్ష్మక్రిములు అదనం. షాంపూ గురించి మాట్లాడటం కూడా అనవసరం.

జెల్ అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కాదు. నా అసలు కోపం ఇక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, మరో రెండు సంస్థలతో కలిసి 2012లో లూబ్రికెంట్లకి ఒక హద్దు చెప్పింది. జెల్ గాఢత, అంటే ఆస్మోలాలిటీ, 380 దాటకుండా ఉంటే మేలు, ఎంత సర్దుకున్నా 1200 మించకూడదు. యోనిలో వాడేదాని పీహెచ్ 4.5 దగ్గర, మలద్వారానికైతే 5.5 నుంచి 7 మధ్య ఉండాలి. గాఢత ఎక్కువైన జెల్ కణాల్లోని నీటిని బయటికి లాగేస్తుంది, పైపొర దెబ్బతింటుంది. పొడిదనం పోవడానికి పూసుకున్నదే ఇంకా పొడిబారేలా చేస్తుందన్నమాట. గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ దండిగా పోసిన జెల్స్‌తో వచ్చే చిక్కు ఇదే. పేరున్న బ్రాండ్లు కొన్ని కొలిచి చూస్తే ఆ 1200కి చాలా పైన తేలాయి. వెచ్చదనం, చల్లదనం, స్ట్రాబెర్రీ అంటూ అమ్మేవాటి మీద నాకు నమ్మకం లేదు. మంటని మజా అని అమ్ముతున్నారు. మొద్దుబార్చే మందు కలిపినవి మరీ ప్రమాదం. నొప్పి ఒళ్లు చెప్పే మాట. దాని నోరు నొక్కి ముందుకి పోతే చిరిగిన తర్వాతే తెలుస్తుంది.

మరి ఈ అంకెలు సీసా మీద ఎక్కడున్నాయి? వెతకండి. సువాసన పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, కౌగిలించుకున్న జంట బొమ్మ ఉంటుంది. కొన్నిటి మీద పీహెచ్ ఉంటుంది, ఆస్మోలాలిటీ దాదాపు ఉండదు. బిస్కెట్ ప్యాకెట్ మీద చక్కెరెంతో రాయించుకుంటాం. ఒంట్లోకెల్లా సున్నితమైన చోట పూసుకునేదానికి ఆ పాటి మర్యాద లేదు.

బొమ్మలకైనా ఇప్పుడిప్పుడే కొంత గౌరవం దొరుకుతోంది. 2021లో వాటికంటూ ఐఎస్ఓ 3533 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. మన దేశంలో, సెక్స్ బొమ్మలుగా వాడొచ్చంటూ కస్టమ్స్ అధికారులు పట్టేసిన బాడీ మసాజర్ల కేసులో 2024లో బొంబాయి హైకోర్టు దిగుమతిదారు పక్షానే తీర్పు చెప్పింది. బొమ్మ కోర్టు మెట్లెక్కి గెలిచి వచ్చింది. జెల్ కోసం వాదించిన వకీలు లేడు, అడ్డుపడిన అధికారీ లేడు. నిషేధించేంత విలువ కూడా దానికి ఇవ్వలేదు మనం.

గొప్పలకి పోయి లేని మహిమలు కట్టబెట్టను. జెల్ ఆ పూటకే, జబ్బుకి మందు కాదు. ముట్లుడిగాక రోజంతా పొడిదనం బాధిస్తే వారానికి కొన్నిసార్లు రాసుకునే మాయిశ్చరైజర్లు వేరే ఉన్నాయి, డాక్టరు చూసి రాసే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీములున్నాయి. ముట్లు ఆగాక ఎప్పుడు రక్తం కనపడినా, అది బొమ్మ వల్లే అని ఊరుకోకుండా చూపించుకోవాలి. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు జెల్ సంగతి డాక్టరుతో చెప్పాలి, చాలా రకాలు వీర్యకణాల కదలికని మందగింపజేస్తాయి. మలద్వారానికి వాడే బొమ్మకి అడుగున వెడల్పాటి అంచు లేకపోతే ఎంత మంచి జెల్ ఉన్నా వద్దు. జారి లోపలికి వెళ్తే ఆసుపత్రే గతి. వాడాక గోరువెచ్చని నీళ్లు, సబ్బు, ఆరబెట్టడం. అంతే.

కంపెనీలవాళ్లని అడిగేది ఒకటే. పీహెచ్, ఆస్మోలాలిటీ, ఆ రెండు అంకెలు సీసా మీద వేయండి, వాడే తీరు తెలుగులో రాయండి. కొనేవాళ్లని అడిగేది, బొమ్మ బుట్టలో వేసేటప్పుడే జెల్ కూడా వేయండి, నీటి ఆధారితమో కాదో చూసి. ఇక డాక్టరుగారూ, గర్భసంచి తీసి ఇంటికి పంపేటప్పుడు బరువులెత్తకమ్మా, మెట్లెక్కకమ్మా అని అన్ని జాగ్రత్తలూ చెబుతారు. అండాశయాలు కూడా తీసేసి ఉంటే ఆ డిశ్చార్జి కాగితంలో ఈ జెల్ పేరు కూడా ఒక వరస రాయండి. ఆవిడ నోరు తెరిచి అడగలేదు.