యాంజియోకి ముందు ఒక్క ప్రశ్న

వైద్యసాయం అర్జీల్లో ఈ మధ్య ఒకటే పాట: "ఛాతీ నొప్పి, యాంజియో చెయ్యాలంట, డబ్బు సర్దండి." ఎన్నాళ్లుగా అంటే ఆరు నెలలుగా, అదీ మెట్లెక్కినప్పుడేనంటారు. హోసూరులో బస్సెక్కి బెంగళూరులో దిగేలోపే నిర్ణయం అయిపోతుంది!

ఇలా నిలకడగా ఉన్న నొప్పికి నేరుగా గొట్టం ఎందుకు, ముందు సీటీ యాంజియో చాలదా అని మేం అడుగుతున్నాం. 2022లో వచ్చిన డిశ్చార్జ్ అధ్యయనంలో 3,561 మందిని చూశారు. తర్వాతి గుండెపోట్లు, మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పరీక్ష, చికిత్సల వల్ల వచ్చిన పెద్ద చిక్కులు మాత్రం సీటీతో మొదలైనవాళ్లలో 0.5 శాతం, గొట్టంతో మొదలైనవాళ్లలో 1.9 శాతం.

"అడ్డు కనబడితే అప్పుడే స్టెంట్ వేసేస్తాం" అంటారు. అదే మా భయం. ఇస్కీమియా అధ్యయనంలో 5,179 మంది. ముందు మందులతో నడిపించినా మరణాలు పెరగలేదు. స్టెంట్‌తో నొప్పి బాగా తగ్గినవాళ్లున్నారు, కాదనం.

సీటీ అందరికీ కుదరదు. నాళాల్లో సున్నం పేరుకున్నవాళ్లకు బొమ్మ సరిగా రాదు, కిడ్నీ జబ్బుంటే రంగుమందు చిక్కు. వాళ్లకు స్ట్రెస్ ఎకో లాంటివి ఉన్నాయి. కూర్చున్నా తగ్గని నొప్పి, చెమటలు అయితే ఈ చర్చే వద్దు, వెంటనే ఎమర్జెన్సీకి పరుగెత్తండి.

2017లో స్టెంట్ ధరకు కేంద్రం కళ్లెం వేసింది. ఏ పరీక్ష ముందన్నదానికి కళ్లెమెవరు? మన పెద్దలు మాట్లాడేది తెలుగు, చదివేది తమిళం, వేలిముద్ర వేసేది ఇంగ్లీషు కాగితం మీద. ఇకపై అర్జీతోపాటు "ఈ పరీక్షే ముందు ఎందుకు" అని డాక్టరు రాసిచ్చిన చీటీ తెండి. అడగడానికి జంకితే మాలో ఒకరం తోడొస్తాం.