మొక్కనివాళ్ళకి ఇల్లివ్వరా?

కిందటేడు బరంపురంలో మేం అద్దె ఇల్లు వెతికాం. ఒకచోట అద్దె కుదిరింది. అడ్వాన్సు ఇవ్వబోతుంటే ఇంటాయన "దేవుడి పటాలు ఈ గదిలో పెట్టుకోండి" అన్నారు. "మేం ఇంట్లో పూజలు చేయమండీ, నాకు నమ్మకం లేదు" అన్నారు నాన్న. మర్నాడు ఫోన్ వచ్చింది, ఇల్లివ్వమని. కులం అడిగి ఇల్లివ్వకపోతే వివక్ష అంటున్నాం కదా! మొక్కరని ఇవ్వకపోతే దాన్నేమంటారు?

దేవుడంటే భయం లేనివాడు ఏ తప్పయినా చేస్తాడని చాలామంది అంటారు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అప్పుడు గుడి మండపంలో తలదాచుకున్నవాళ్ళకి నాన్న రెండు రోజులు మంచినీళ్ళు మోశారని అమ్మ చెప్పింది. ఆ నీళ్ళు తాగినవాళ్ళెవరూ "నువ్వు మొక్కుతావా?" అని అడగలేదు.

ఈ వివక్ష కొత్తది కాదు. నాస్తికుడు గోరా 1902లో మన గంజాం జిల్లా ఛత్రపురంలోనే పుట్టారు. దేవుడి గురించి తన అభిప్రాయం రాసినందుకు 1933లో కాకినాడలో ఆయన కాలేజీ ఉద్యోగం పోయింది. ఆయన అంటరానితనం మీద పోరాడారు, కూతురికి దళిత యువకుడితో పెళ్ళి చేశారు. గాంధీగారు దేవుణ్ణి నమ్మినా గోరాని దూరం పెట్టలేదు, సేవాగ్రాంలో కూర్చోబెట్టుకుని మాట్లాడారు.

మన రాజ్యాంగం 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛకి హామీ ఇస్తుంది. ఏ మతమూ లేదని చెప్పుకునే హక్కు కూడా అందులో ఉందని 2014లో బొంబాయి హైకోర్టు చెప్పింది.

ఒడిశాలో మనం కొద్దిమందిమి. మా భాష మాకుండనివ్వండి, మా బడి ఉంచండి అని అడుగుతున్నాం. "కొద్దిమందే కదా, అందరిలాగే ఉండండి" అంటే మనకి బాధే. మరి మనకంటే తక్కువమంది ఉన్నవాళ్ళతో మనమే ఆ మాట అనొచ్చా?

నేను మొక్కుతాను. అమ్మమ్మతో ఠాకురాణి యాత్రకి వెళ్తాను. నాన్నే మమ్మల్ని స్కూటర్ మీద దింపి, బయట నిలబడి, మళ్ళీ ఇంటికి తీసుకొస్తారు. ఒక్కసారి కూడా వెక్కిరించలేదు. ఆ మర్యాద మనం తిరిగి ఇవ్వలేమా?

పెద్దలారా, ఇల్లిచ్చేటప్పుడు అద్దె సరిగా కడతారా, ఇల్లు శుభ్రంగా ఉంచుతారా అని అడగండి. మొక్కుతారా అని మాత్రం అడక్కండి.