తరగతి గది కూడా ధర్మసభయే



అధ్యయనారంభమున గురుశిష్యులు కలిసి పలుకు శాంతిమంత్రము మీకందరకు తెలిసినదే. అందులోని అర్థక్రమమును ఒక్కసారి గమనింపుడు. మొదటి ప్రార్థన రక్షణ కొరకు. పోషణము, కలిసి చేయు శ్రమ, అధ్యయన తేజస్సు ఆ తరువాత వచ్చును. పరస్పర ద్వేషము కలుగకుండుగాక అనునది చివరి ప్రార్థన. రక్షణ, అద్వేషము అను ఈ రెండు గట్ల నడుమనే విద్యాప్రవాహము సాగునని మన ఋషుల నిర్ణయము. భయముతో కూర్చున్న విద్యార్థి చెవిలో పాఠము పడును గాని మనస్సులో నిలువదు.

నేడు కౌమారప్రాయములోనున్న మన బిడ్డలు బడిలో ఏమి అనుభవించుచున్నారో చూడుడు. ఒకని మేనిరంగును బట్టి, ఒకని లావును బట్టి, ఒకని కులమును బట్టి పేర్లు పెట్టి పిలుచుట. నత్తి గల బాలుని అనుకరించి తరగతినంతటిని నవ్వించుట. ఫలానా బాలికతో ఎవరును మాటలాడరాదని తక్కినవారు కట్టుబాటు చేసికొనుట. బస్సు దిగినది మొదలు ఇంటి మలుపు వరకు ఆడపిల్ల వెంటపడుట. ఒకరి ఛాయాచిత్రమును వికృతముగా మార్చి వాట్సాప్ గ్రూపులో పెట్టుట. హాస్టలులో చిన్నవారి చేత పెద్ద తరగతులవారు బట్టలు ఉతికించుకొనుట. వీటికి పెద్దలమైన మనము పెట్టిన ముద్దుపేర్లు కూడ ఉన్నవి: చిలిపితనము, వయసు చేష్టలు, సరదా. బాధ చెప్పుకొన వచ్చిన బిడ్డకు మనమిచ్చు ఉపదేశమొక్కటే: "పట్టించుకోకు, సర్దుకుపో."

ఈ ఉపదేశమును మనము క్షమాగుణ బోధయని తలచుచున్నాము. అది పొరపాటని నా అభిప్రాయము. ప్రతీకారమునకు శక్తి ఉండియు దానిని విడిచినవాని గుణము క్షమ. దారి తెలియక, వినువారు లేక, భయముచే నోరు మూసికొనిన బాలుని దీనస్థితికి క్షమ అని పేరు పెట్టుట ఆ గుణమునకే అవమానము. తితిక్ష కూడ అట్టిదే. అది వివేకవైరాగ్యములు గల ముముక్షువు తనంత తాను స్వీకరించు సాధన. పదునాలుగేండ్ల బాలికపై దానిని ఆజ్ఞగా మోపుటకు మనకు అధికారము లేదు. శీతోష్ణములను ఓర్చుట వేరు, ఒకని అధర్మమును పెరుగనిచ్చుట వేరు.

ఆదిపర్వములో కురుపాండవ బాలుర క్రీడలు వర్ణింపబడినవి. భీమసేనుడు ధార్తరాష్ట్రులను జుట్టు పట్టి ఈడ్చును. జలక్రీడలలో నీట ముంచి ఊపిరాడనీయడు. వారు పండ్లకై చెట్టెక్కిన యెడల చెట్టును తన్ని క్రింద పడవేయును. ఇదంతయు బాల్యచాపల్యమే గాని ద్రోహబుద్ధి కాదని వ్యాసభగవానుడే చెప్పుచున్నాడు. అయినను ఆ ఆట దుర్యోధనుని హృదయములో విషమైనది. ఆ విషమే ప్రమాణకోటి వద్ద భీముని భోజనములో చేరినది. దుర్యోధనుని పాపము దుర్యోధనునిదే, అందు సందేహము లేదు. అయినను ఇందు గ్రహింపవలసిన సూక్ష్మమొకటి కలదు. చేసినవానికి ఆటయైనది పడినవానికి గాయము కావచ్చును. "నేను ఊరకే అన్నాను" అను మాటతో ఆ గాయము మానదు.

విషము నుండి బ్రతికి వచ్చిన భీముడు జరిగినది చెప్పగా, ఈ మాట బయట పొక్కనీయవద్దని యుధిష్ఠిరుడు వారించెను. తండ్రి లేని బిడ్డలు. రాజు శత్రువు యొక్క తండ్రి. చెప్పిన యెడల మరింత కీడు మూడునేమో అను భయము. నేడు మన బిడ్డలు ఇంటికి వచ్చి నోరు విప్పకపోవుటకు కారణము కూడ ఇదియే. చెప్పినచో రక్షణ లభించునన్న నమ్మకము వారికి లేదు.

ఆ నమ్మకమును ఎవరు కలిగింపవలెను? దీనికి సమాధానము సభాపర్వములో దొరకును. ద్రౌపదీదేవి ప్రశ్నకు కురుసభ ఉత్తరమీయక కూర్చున్నప్పుడు విదురుడు ప్రహ్లాదుని వృత్తాంతమును చెప్పి, అందు కశ్యపుడు నిర్ణయించిన పాపవిభాగమును జ్ఞప్తికి తెచ్చెను. నింద్యమైన దానిని సభ నిందింపకున్నచో ఆ పాపములో సగము సభకు పెద్దయైన వానికి, పాతిక చేసినవానికి, పాతిక చూచి మిన్నకున్న సభ్యులకు. చేసినవానికంటె పెద్దకు రెట్టింపు! చూచినవానికి చేసినవానితో సమానము!

తరగతి గది కూడ ఒక సభయే. దానికి పెద్ద ఉన్నాడు. అందు కర్తలు ఉన్నారు. చూచువారు నలుబదిమంది ఉన్నారు. వెక్కిరింత వెక్కిరించువాని బలముతో నడువదు, నవ్వువారి బలముతో నడచును. కావున మన బిడ్డలకు "నీవు ఎవరి జోలికి పోకు" అని మాత్రమే నేర్పుట చాలదు. కురుసభలో నోరు విప్పిన వికర్ణుని కథ వారికి చెప్పవలెను. అతడు దుర్యోధనుని సొంత తమ్ముడు, వయసున చిన్నవాడు. పిల్లవాడవై పెద్దల మాటలాడుచున్నావని కర్ణుడు అతనిని గద్దించెను. ఆ మాట వలన సభ మారలేదు. వికర్ణుని పేరు మాత్రము నేటికిని గౌరవముతో నిలిచి ఉన్నది. మన బిడ్డ వికర్ణుడగుటకు పెద్ద సాహసము అక్కరలేదు. నవ్వకుండుట, ఆ వీడియోను మరొకరికి పంపకుండుట, ఒంటరియైన బాలుని ప్రక్కన భోజనమునకు కూర్చుండుట, ఆనాడే ఉపాధ్యాయునికి చెప్పుట. ఈ నాలుగును ఏ విద్యార్థికైనను సాధ్యములే.

ఇక సభకు పెద్ద సంగతి. మన రాష్ట్రములలో 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టము ఎగతాళిని, అవమానమును కూడ నేరములుగా పేర్కొన్నది. ఫిర్యాదు వచ్చియు చర్య తీసికొనని సంస్థాధిపతిని నేరమునకు ప్రోత్సాహకునిగా ఎంచుచున్నది. 2012 నాటి పోక్సో చట్టము పదునెనిమిదేండ్ల లోపు బాలబాలికలందరిని లైంగిక వేధింపుల నుండి కాపాడుటకు పుట్టినది. అట్టి నేరము జరిగినదని తెలిసిన ప్రతివారును పోలీసులకు తెలుపవలెను. తెలుపని వానికి ఆరు నెలల వరకు, తన క్రింద పనిచేయువాడు చేసిన నేరమును దాచిన సంస్థాధిపతికి ఒక సంవత్సరము వరకు కారాగార శిక్ష కలదు. ఇక్కడను పెద్దకు రెట్టింపే! కశ్యపుని తూకమునకు చట్టముయొక్క తూకము ఇంత దగ్గరగా ఉండుట నాకు ఆశ్చర్యము కలిగింపదు. మౌనము వలన ఎవరికి లాభము కలుగుచున్నదో ఉభయులును గ్రహించిరి. "పాఠశాల పేరు పోవును" అని సర్దిచెప్పు యాజమాన్యములు ఈ తూకమును తమ గది గోడపై వ్రాసికొనవలెను.

వేధించువాడు గురుస్థానములో ఉన్న యెడల ఏమి చేయవలెను? గురువును దైవముగా భావింపుమని చెప్పిన తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లియే, ఆ వెంటనే, అనింద్యములైన కర్మలనే ఆచరింపుమని, తమలోని మంచి నడవడిని మాత్రమే అనుసరింపుమని, ఇతరములను విడువుమని శిష్యునికి చెప్పుచున్నది. అనగా గురుభక్తికి హద్దును గురువే గీచెను. శరీరమును అనుచితముగా తాకునట్టి, "ఎవరికిని చెప్పకు" అని రహస్యము మోపునట్టి పెద్దను బిడ్డ ఎదిరించుట గురుద్రోహము కాదు. ఆ పెద్ద ఉపాధ్యాయుడైనను, బంధువైనను, నా వంటి అర్చకుడైనను సరియే.

ఇతరులకు చెప్పునప్పుడు మన ఇంటిని కూడ చూచుకొనవలెను. నేను చదివిన పాఠశాలలో స్వరము తప్పిన చిన్నవానిని పెద్ద విద్యార్థులు నెలల తరబడి అదే తప్పు స్వరముతో పిలిచి ఏడిపించిరి. ఆ బాలుడు ఒక ఉదయము మూట కట్టుకొని వెడలిపోయెను, మరల రాలేదు. ఒక శాఖకు ఒక అధ్యేత తగ్గెను. బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 2009 శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించినది. 2012 సవరణ వలన ఆ చట్టము వేదపాఠశాలలకు వర్తింపదు. చట్టము మినహాయించినను ధర్మము మినహాయింపదు. కొట్టకుండ, కించపరపకుండ వేదము నేర్పగలమని మనమే ముందుగా ఆచరించి చూపవలెను.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. బిడ్డ అన్నము సరిగా తినుట లేదని, చదువు వెనుకబడినదని, ఉదయము కాగానే కడుపునొప్పి అనుచున్నదని, దృష్టిదోషమేమో, గ్రహదోషమేమో చూడుమని ఆలయమునకు వచ్చువారు అనేకులు. అర్చన చేయుదును, రక్షాతోరము కట్టుదును. అది నా ధర్మము. అయితే ఆ తోరమునకు ముందు "బడిలో నిన్నెవరైనా బాధపెడుతున్నారా తల్లీ?" అని మీరడిగితిరా? నవగ్రహముల వైపు చూచుటకు ముందు తరగతి గది వైపు చూడవలెను. అడిగినప్పుడు సావధానముగా వినవలెను. "నువ్వేం చేశావు?" అను ప్రశ్న మొదట రాకూడదు. ఫోనులో వచ్చిన అసభ్య సందేశములను చెరిపివేయక ఉంచవలెను, అవి సాక్ష్యములు.

ఆడపిల్లల విషయములో మరింత చెప్పవలసి ఉన్నది. వెంటపడువాడు ఒకడుండగా మనము బడి మాన్పించునది ఎవరిని? మన బిడ్డను. సంబంధములు వెదకుట మొదలుపెట్టునది ఎవరికి? మన బిడ్డకు. అపరాధి నిర్భయముగా బడికి పోవును, నిరపరాధి ఇంట బందీయగును. ఈ దండనీతి ఏ ధర్మశాస్త్రములోనిది? చెప్పినచో చదువు ఆగునని తెలిసిన బాలిక ఎన్నటికిని చెప్పదు. కావున "ఏమి జరిగినను నీ చదువు ఆగదు" అను అభయమును ముందే ఈయవలెను. పరువుపోవునన్న భయము వలదు. పోక్సో చట్టము ప్రకారము బాధితుల పేరు ప్రకటింపరాదు. వాంగ్మూలము తీసికొను పోలీసు అధికారి యూనిఫారములో ఉండరాదు. బిడ్డ ఇంటియందైనను, తాను కోరిన చోటనైనను వాంగ్మూలము ఈయవచ్చును.

వేధించినవాడు మన బిడ్డయే అని తెలిసిన యెడల ధృతరాష్ట్రులము కారాదు. కుమారుని ప్రతి తప్పును కప్పిన ఆ తండ్రి చివరకు నూరుగురిని పోగొట్టుకొనెను. మన సంప్రదాయములో ప్రాయశ్చిత్తము పశ్చాత్తాపముతో, తప్పును నోటితో ఒప్పుకొనుటతో ఆరంభమగును. బాధితుని ఎదుట ఆ మాట చెప్పించుట, పాడుచేసినదానిని సరిచేయించుట, మరల చేయకుండ కనిపెట్టుట తండ్రి చేయవలసిన ప్రాయశ్చిత్త విధి. కొట్టి చెప్పినచో కొట్టుటనే నేర్చుకొనును.

బాలల సహాయమునకు 1098, అత్యవసరమునకు 112, సైబరు నేరములకు 1930. ఈ మూడు సంఖ్యలను బిడ్డలచేత కంఠస్థము చేయింపుడు. మా ఆలయములో తిథివారనక్షత్రములు వ్రాయు ఫలకము క్రిందనే 1098 అని కూడ వ్రాయించితిమి. దైవసన్నిధిలో ఫోను నంబరేమిటని కొందరడిగిరి. ఆర్తరక్షణ కంటె మించిన అర్చన ఏదో వారే చెప్పవలెను.

మీ మీ ఊళ్ల ఆలయములలోను ఈ పని చేయుదురుగాక. మన బిడ్డలు నిర్భయులై చదువుదురుగాక.

శుభం భూయాత్.